నన్ను కడుపు నొస్తోంది

పోలండ్ రాజధాని వార్సాలో బడికి వెళ్లడం మొదలుపెట్టిన ఆరు నెలలకు, మా అయిదేళ్ల అబ్బాయి ఒక రాత్రి పక్కమీద ముడుచుకొని పడుకొని, "అమ్మా, నన్ను కడుపు నొస్తోంది" అన్నాడు. వాము నీళ్లు కాచడానికి లేస్తూ, "నన్ను కాదురా, నాకు" అని దిద్దబోయి ఆగిపోయాను. ఆ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడే తట్టింది.

పోలిష్ భాషలో నొప్పిని చెప్పే క్రియ "బోలెచ్". నొప్పి పుట్టే అవయవం దానికి కర్త, ఆ నొప్పి పడే మనిషి కర్మ. "బోలి మ్నియె బ్‌జుఖ్" అనే వాక్యానికి మాటకు మాట తెలుగు చెబితే, సరిగ్గా మావాడు అన్నదే వస్తుంది. "కాళ్లు నొస్తున్నాయి" అన్నప్పుడు మనకూ కాళ్లే కర్త, క్రియ కూడా కాళ్లను బట్టే బహువచనంలో ఉంటుంది. అయితే మనిషికి మనం "కు" చేరుస్తాం, వాళ్లు "ను" చేరుస్తారు. వైద్యురాలి ముందు నేను పోలిష్‌లో "నాకు" అని తడబడతాను, వాడు ఇంట్లో తెలుగులో "నన్ను" అంటాడు.

ఇదే ధాతువు నుంచి వచ్చిన "నొప్పి" అనే నామవాచకం రష్యన్‌లో స్త్రీలింగం, పోలిష్‌లో పుంలింగం. పోలిష్ వాళ్లు దానిని "బుల్" అని పలుకుతారు కాని, నెత్తిన గీత ఉన్న ఓకారంతో రాస్తారు. ఒకప్పటి దీర్ఘమైన ఓకారం పలుకుబడిలో ఉకారమైపోయినా రాత మాత్రం మారలేదు. 2011లో జపాన్‌ను సునామీ ముంచెత్తినప్పుడు, ఇక్కడి జపాన్ రాయబార కార్యాలయంలో సంతాపం రాస్తూ నాటి అధ్యక్షుడు బ్రోనిస్వావ్ కొమొరోవ్‌స్కీ ఈ మాటనే ఉకారంతో రాసి నవ్వులపాలయ్యారు. రేపు మావాడు డిక్టేషన్‌లో అదే తప్పు చేస్తే నేనేమీ కోప్పడలేను.

మనం "నొచ్చు" నుంచి "నొచ్చుకొను" చేసుకున్నట్టే, వాళ్లూ ఈ క్రియనే కొద్దిగా వేరే రూపాలతో మనసు బాధపడడానికి వాడుకుంటారు. పోలిష్, రష్యన్‌లు చేరిన స్లావిక్ కుటుంబంలోని ఈ మాటకు దూరపు చుట్టంగా పండితులు చూపే క్రియ ఒకటి, గోథిక్ అనే పాత జర్మానిక్ భాషలో ఉంది. దాని అర్థం వేధించడం.

మర్నాడు వరంగల్ నుంచి ఫోను చేసిన అమ్మమ్మతోనూ వాడు "నన్ను కడుపు నొస్తోంది" అనే అన్నాడు. ఆమె ఒక్క క్షణమైనా తడుముకోకుండా, "అయ్యో, నిన్ను గంత సతాయిస్తున్నదా బిడ్డా?" అంది.