డిక్కీ మీది ఎర్ర పట్టీ స్థానంలో చేతితో చేసిన ఫైబర్ పట్టీ: నా అనుభవం

మా నాన్నగారు 1998లో కొన్న సెడాన్ కారు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఏపీ 03 నంబరుతో చిత్తూరు జిల్లాలో రిజిస్టరైన ఆ బండికి వెనుకవైపు, రెండు టెయిల్ లైట్ల నడుమ, డిక్కీ తలుపు వెడల్పునా ఒక ఎర్రటి ప్లాస్టిక్ పట్టీ ఉండేది. రాత్రిపూట వెనుక వచ్చే బండి వెలుతురు పడగానే దాని రెండు చివరలూ నిప్పుల్లా మెరిసేవి. 2023 ఫిబ్రవరిలో తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర కారు నిలిపి ఉండగా ఎవరి బండో తగిలి ఆ పట్టీ మూడు ముక్కలైంది. ఆగస్టులో రిజిస్ట్రేషన్ గడువు ముగియబోతోంది. సొంత కార్లకు మొదటి 15 ఏళ్లు గడిచాక ప్రతి ఐదేళ్లకూ బండిని చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి కనుక, అప్పటికి వెనుకభాగం సరిగ్గా ఉండాలన్నది నా తొందర.

ఆ కారును తయారుచేసిన సంస్థ మన దేశంలో అమ్మకాలు ఆపి చాలా ఏళ్లయింది. ఆటోనగర్‌లోని పాత సామాన్ల అంగళ్లన్నీ తిరిగాను. చెన్నై వెళ్లి పుదుపేటలోనూ వెతికాను. అక్కడ దొరికిన ఒకే ఒక్క పట్టీ ఎండకు వెలిసి గులాబీ రంగుకు తిరిగి ఉంది, పైగా దాని లోపల నీళ్లు చేరి పాచి పట్టింది. అది కొనడం కంటే అదే ఆకారంలో ఫైబర్ పట్టీని నా చేతితో చేసుకోవడం మేలనుకున్నాను.

బస్సుల ముందు భాగాలకు ఫైబర్ పని చేసే ఒక మేస్త్రి ఆటోనగర్‌లో నాకు పరిచయం. పని నేర్పమని అడిగితే ఆయన ముందు నేర్పింది పొరలు పరచడం కాదు, సీసాలను దూరంగా పెట్టడం. పాత పట్టీ ఆకారాన్ని దింపుకునే అచ్చుకు వాడే, పోగులను తడిపి గట్టిపడే జిగట ద్రవమైన పాలిస్టర్ రెసిన్‌లో, గట్టిపడటాన్ని మొదలుపెట్టించే క్యాటలిస్టు, దాన్ని వేగపరిచే కోబాల్టు రెండూ పడాలి. ముందు కోబాల్టు వేసి బాగా కలిపి, ఆ తర్వాతే క్యాటలిస్టు వేయాలి. “ఆ రెండూ నేరుగా కలిసినాయంటే భగ్గుమంటాది సామీ, ఒక గూట్లో కూడా పెట్టబాకండి” అని ఆయన ఒకటికి మూడుసార్లు చెప్పాడు. ఈ పని మొదలుపెట్టే ఎవరైనా మొదట తెలుసుకోవలసిన మాట ఇదేనని నా అభిప్రాయం.

విరిగిన మూడు ముక్కలనూ అతికించి, పగుళ్లను పుట్టీతో పూడ్చి, నీళ్లతో రుద్దే గరుకు కాగితమైన వాటర్ పేపర్‌తో నునుపు చేశాను. పాలిస్టర్ రెసిన్‌లోని స్టైరీన్ అనే ద్రావకం, పాత పట్టీ చేసిన యాక్రిలిక్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది కనుక, మైనం ఐదుసార్లు రుద్ది, దానిమీద నీళ్లలో కరిగే పీవీఏ అనే ప్లాస్టిక్ ద్రావణం పూసి, ఆ పొరను పూర్తిగా ఆరనిచ్చాక గాని మేస్త్రి రెసిన్ డబ్బా మూత తీయలేదు. ఆ పట్టీ మీద గాజు పోగుల ఫైబర్ మ్యాట్ పరచి, రెసిన్ తో తడిపి తీసిన అచ్చు మూడో రోజుకు గట్టిపడింది. విడదీసి చూస్తే పాత పట్టీ అంచుల వంపు, టెయిల్ లైట్ల పక్కన ఉండే సన్నని గాడి అన్నీ అందులో దిగాయి.

పట్టీకి మాత్రం పాలిస్టర్ కాక ఎపాక్సీ అనే మరో రకం రెసిన్ ఎంచుకున్నాను. అది గట్టిపడేటప్పుడు కుంచించుకుపోవడం చాలా తక్కువ, కార్బన్ పోగులతో నేసిన బట్టకు బాగా పట్టుకుంటుంది. అయితే ఎపాక్సీతో మామూలు మ్యాట్ వాడకూడదు. ఆ మ్యాట్‌లోని పోగులను పట్టి ఉంచే బంక సాధారణంగా స్టైరీన్‌కు కరిగేది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు కాబట్టి మ్యాట్ మెత్తబడక వంపుల దగ్గర లేచి నిలుస్తుంది. అందువల్ల నేసిన బట్టనే వాడాను. పైన కార్బన్ బట్ట రెండు పొరలు, వెనుక గాజుబట్ట ఐదు పొరలు, అన్నీ చదరపు మీటరుకు 200 గ్రాములవే. కార్బన్ ఇనుప రేకును నేరుగా తాకితే తడిలో రేకు త్వరగా తుప్పు పడుతుంది కనుక గాజుబట్ట లోపలివైపున ఉండటం అవసరం.

ఇక మా తిరుపతి మే నెల ఎండ సంగతి చెప్పాలి. నేను కొన్న రెసిన్‌కు దాన్ని గట్టిపరిచే హార్డనర్‌ను తూకంలో 100కు 10 పాళ్లు కలపాలి. మొదటిరోజు పదకొండు గంటల వేళ, మొత్తం పనికి సరిపడేలా 250 గ్రాముల రెసిన్‌ను ఒకే ప్లాస్టిక్ మగ్గులో కలిపాను. రెండో పొర తడుపుతుండగానే మగ్గు చేయి కాలేంత వేడెక్కింది, పొగ లేచింది, లోపలి రెసిన్ బుడగలతో సహా రాయిలా బిగిసిపోయింది. ఎపాక్సీ గట్టిపడుతూ తానే వేడిని పుట్టిస్తుంది, లోతైన పాత్రలో ఆ వేడి బయటికి పోలేదు, 40 డిగ్రీలు దాటిన ఎండ దానికి తోడైంది. అప్పటికే కత్తిరించిన బట్ట కూడా పాడైంది. మరుసటి వారం తెల్లవారుజామున నాలుగు గంటలకు మొదలుపెట్టి, నగల తూకానికి వాడే చిన్న త్రాసుతో 60 గ్రాముల చొప్పున కలుపుకుంటూ, కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పోసి పలుచగా ఉంచాను. ఏడు పొరలూ సూర్యోదయానికి ముందే పూర్తయ్యాయి. బట్ట 220 గ్రాములు, రెసిన్ దాదాపు అంతే పట్టింది. పట్టీ మందం 2 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువగా వచ్చింది.

అంచులు కోయడం, నునుపు చేయడం విసుగు పుట్టించే పని. కార్బన్ పొడి గాలిలో లేస్తే ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కనుక మాస్కు కట్టుకొని, గరుకు కాగితాన్ని నీళ్లలో తడుపుతూనే రుద్దాను. 220 నుంచి 1000 నంబరు వరకు వెళ్లి, చివరికి ఎండకు పసుపెక్కకుండా కాపాడే పారదర్శకమైన పూత, క్లియర్ కోట్, కొట్టించాను. జూన్ మొదటి వారంలో పట్టీని డిక్కీకి బిగించినప్పుడు ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. అల్లిక వరుసలు ఏటవాలుగా మెరుస్తూ, పాత బండికి అది మొదటినుంచీ ఉన్న భాగంలాగే అమరింది.

రెండు వారాల తర్వాత కాణిపాకం వెళ్లి రాత్రి తిరిగి వస్తుండగా పనపాకం దాటాక బ్యాటరీకి కరెంటు నింపే ఆల్టర్నేటర్ బెల్టు తెగింది. కాసేపటికి బ్యాటరీ కూడా అయిపోయి లైట్లన్నీ ఆరిపోయాయి. పాకాలలో ఉన్న మా బావమరిదికి ఫోన్ చేస్తే మోటారు సైకిల్ మీద వచ్చాడు. రాగానే అతడు అన్న మాట నా గుండెల్లో పడింది: “బావా, ఈడ బండి ఉండాదని తెలిసి వచ్చినాను కాబట్టి సరిపోయింది. దగ్గరికి వచ్చేదాకా నాకేమీ అగపడలేదు.” పిల్లలు ఆ కారు పక్కనే నిలబడి ఉన్నారు.

మా బండి టెయిల్ లైట్లలో, మీద పడిన వెలుతురును వెనక్కి పంపే రిఫ్లెక్టర్ గదులు లేవు. అవి ఉన్నది నేను తీసేసిన పట్టీ చివరల్లోనే. నేను దాని ఆకారాన్ని మిల్లీమీటరు తప్పకుండా దింపుకున్నాను గాని, అది చేసే పనిని వదిలేశాను. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 104వ నియమం వెనుకవైపు రెండు పక్కలా ఒక్కొక్క ఎర్ర రిఫ్లెక్టర్ ఉండాలంటుంది. ఆ నియమం ఎందుకు ఉందో ఆ చీకట్లో నాకు అర్థమైంది. ఇంజను ఆగి, దీపాలు ఆరి, బండి తనంతట తాను ఏమీ చెప్పలేని స్థితిలో ఉన్నప్పుడు దాని తరఫున పలికేది రిఫ్లెక్టర్ ఒక్కటే.

పాత పట్టీ ముక్కను వెనుకనుంచి పరిశీలిస్తే తేనెపట్టులాంటి చిన్న చిన్న గదులు కనిపిస్తాయి. ఒక్కొక్కటీ మూడు పలకలు పరస్పరం లంబంగా కలిసే మూల. లోపలికి వచ్చిన కాంతి ఆ మూడింటికీ తగిలి, వచ్చిన దిక్కుకే తిరిగిపోతుంది. వాటి మీద వెండి పూత ఏదీ లేదు. ప్లాస్టిక్‌కూ దాని వెనుకనున్న గాలికీ మధ్య జరిగే సంపూర్ణాంతర పరావర్తనమే, అంటే కాంతి గాలిలోకి పోకుండా పూర్తిగా ప్లాస్టిక్ లోపలికే వెనుదిరగడమే, మొత్తం పని చేస్తుంది. ఈ విషయాన్ని నేను ముందుగా ఆలోచించలేదు. పాత పట్టీ చివరల్లో పగలకుండా మిగిలిన రిఫ్లెక్టర్ భాగాలు రెండింటినీ రంపంతో కోసి, కొత్త పట్టీలో కిటికీలు చేసి, ఎపాక్సీ పూసి అతికించాను. అవి పూర్తిగా మసకబారిపోయాయి. కాంతిని ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం యాక్రిలిక్ కు సుమారు 1.49, ఎపాక్సీకి 1.55కి అటూ ఇటూగా, అంటే దాదాపు సమానంగా ఉంటుంది. గాలి ఉండవలసిన చోట రెసిన్ చేరగానే కాంతి వెనుదిరగక నేరుగా దాటి వెళ్లిపోయింది. మేస్త్రికి చూపిస్తే గుణకాల మాట లేకుండానే చెప్పాడు: “దాని ఎనకాల గాలి ఉండాల సామీ. నీళ్లు పోయినా, బంక పోయినా సచ్చిపోతాది.” పుదుపేటలో చూసిన పాచి పట్టిన పట్టీ ఎందుకు మెరవలేదో కూడా అప్పుడే తెలిసింది.

కాబట్టి పట్టీని మళ్లీ మొదటినుంచి చేశాను. ఈసారి లారీలకు వాడే, వెనుకభాగం కూడా మూసి సీలు చేసి ఉన్న దీర్ఘచతురస్రపు ఎర్ర రిఫ్లెక్టర్లు రెండు కొన్నాను. వాటికంటే అన్నివైపులా ఒక మిల్లీమీటరు పెద్దవైన చెక్క దిమ్మెలను అచ్చు చివరల్లో అంటించి, వాటిమీదుగా పొరలు పరిచాను. పట్టీ చివరలు పక్కలకు వంగి ఉంటాయి. ఆ వంపు వెంటే రిఫ్లెక్టర్ కూర్చుంటే దాని ముఖం వెనుకకు కాక పక్కకు తిరుగుతుంది. అందుకని దిమ్మెలను వంపుకు అనుగుణంగా కాక, బండికి నేరుగా వెనుకకు చూసేలా, దారానికి గుండు కట్టి నిలువు సరిచూసుకుంటూ అమర్చాను. క్లియర్ కోట్ ఆరిన తర్వాతే రిఫ్లెక్టర్లను వెనుకనుంచి స్క్రూలతో బిగించాను. వాటి ముఖం మీద ఏ పూతా పడనివ్వలేదు. పాత పట్టీ కింద రేకు రెండు చోట్ల తుప్పు పట్టి ఉంటే గీకి, తుప్పును ఆపే జింక్ ప్రైమర్ వేసి, చుట్టూ రబ్బరు నురుగు పట్టీ అంటించాను.

ఎం.ఆర్.పల్లిలో మా వీధిలో కరెంటు పోయిన ఒక రాత్రి 50 అడుగులు కొలిచి నిలబడి పరీక్షించాను. టార్చిని కంటి పక్కనే పట్టుకోవాలి. అబ్బాయి చేతికి టార్చి ఇచ్చి నేను నాలుగడుగులు పక్కకు జరిగితే ఏమీ కనిపించలేదు, తిరిగి చేతిలోకి తీసుకుని కంటి దగ్గర పెట్టగానే రెండు ఎర్ర గుర్తులూ ఒకేసారి వెలిగాయి. 100 అడుగుల దగ్గర కూడా అంతే స్పష్టంగా ఉన్నాయి.

ఆగస్టులో రవాణా కార్యాలయానికి బండిని తీసుకువెళ్లాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు కనుక, పాత పట్టీ ముక్కలనూ వెంట తీసుకెళ్లి, బండి కొలతలు, బండి రంగు, దీపాలు ఏవీ మారలేదని ముందే చెప్పాను. తనిఖీ చేసిన అధికారి లైట్లు, నంబరు పలక, రిఫ్లెక్టర్లు చూసి, పట్టీని చేతితో ఒకసారి నొక్కి, సంతకం చేశారు.

ఆ డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు కారు రెండు రోజులు వానలో ఆరుబయటే ఉంది. తెరిపి ఇవ్వగానే పట్టీని విప్పి చూశాను. రేకు పొడిగా ఉంది, రిఫ్లెక్టర్ల లోపల చెమ్మ లేదు. ఒక మూల నట్టు మాత్రం తుప్పు పట్టడం మొదలైంది. నాలుగు నట్లనూ స్టెయిన్‌లెస్ స్టీలువి మార్చి తిరిగి బిగించాను.