పావు ఎనిమిది

లైప్‌జిగ్ వచ్చి ఎనిమిది నెలలు. జర్మన్ వచ్చేసిందని క్లాసువాళ్లు సర్టిఫికెట్టు కూడా ఇచ్చారు. ఆ ధైర్యంతోనే పై వాటా పెద్దావిడ (నా మనసులో మామ్మగారు) డ్రెస్డెన్ చూపిస్తానంటే సరేనన్నాను.

"శనివారం ఫీర్టెల్ ఆఖ్ట్‌కి స్టేషన్లో ఉండండి" అన్నారు. ఫీర్టెల్ అంటే పావు, ఆఖ్ట్ ఎనిమిది. క్లాసులో నేర్పింది 'ఫీర్టెల్ నాఖ్ ఆఖ్ట్', అంటే ఎనిమిదింపావు. మధ్యలో 'నాఖ్' ఈవిడ మింగేశారు కాబోలు అనుకున్నాను.

8:10కే చేరాను, ముందొచ్చానని గర్వంగా. మామ్మగారు చంకలో ఫ్లాస్కుతో గడియారం కింద నిలబడి ఉన్నారు. గడియారాన్ని ఓసారి, నన్ను ఓసారి చూశారు. తిట్టినా బాగుండేది. నా నంబరు ఆవిడ దగ్గర లేదు. 7:15 నుంచీ అక్కడే ఉన్నారట! గంటకో రైలు, ఒకటి పోయింది. పోనీ ఐసీఈ (హైస్పీడు రైలు) ఎక్కుదామంటే మా డాయిచ్‌లాండ్ టికెట్టు (లోకల్ రైళ్లకీ బస్సులకీ నెలవారీ పాస్) అందులో చెల్లదు. 2023లో 49 యూరోలకి మొదలైనది 63కి ఎక్కింది, ఐసీఈ మాత్రం ఎక్కనివ్వదు.

డ్రెస్డెన్‌లో చర్చీలూ ప్యాలెస్‌లూ చూశాం. నాకు గుర్తున్నది మాత్రం మధ్యాహ్నం కాఫీ. ఇద్దరికీ కలిపి ఐయర్‌షెకె అనే మూడు పొరల కేకు పెద్ద ముక్క తెప్పించి, ఫోర్కుతో నాలుగు భాగాలు గీశారు. "ఇదంతా ఎనిమిదో గంట. ఏడు కొట్టగానే మొదలు." ఒక భాగం నోట్లో వేసుకుని, "ఇదిగో, ఫీర్టెల్ ఆఖ్ట్. పావు ఎనిమిది అయింది" అన్నారు. ఈ ఊళ్లున్న సాక్సనీ రాష్ట్రంలో ఇంతేనట. మనం 'పావుతక్కువ ఎనిమిది' అంటే మిగిలింది చెప్తాం. వీళ్లు అయిపోయింది చెప్తారు. ఈ ముక్క క్లాసులో ఎవరైనా చెప్పి చావొచ్చుగా.

నేనూ ఓ పావు తిన్నాను. అద్భుతం. మిగిలిన సగం నా వైపు జరిపి "కావాలా?" అన్నారు. పొద్దుటి నుంచీ కడుపులో కాఫీ, ఈ పావు ముక్క తప్ప ఏమీ లేదు. ఆనందంగా "డంకె!" (థాంక్యూ) అన్నాను.

ప్లేటు వెనక్కి వెళ్లిపోయింది. ఇలా అడిగినప్పుడు 'డంకె' అంటే వద్దని అర్థమట, కావాలంటే 'బిట్టె' (ప్లీజ్) అనాలట. ఈ సంగతి నాకు తెలిసేసరికి ప్లేటులో పొడి మిగిలింది.

"తిరుగు రైలుకి డ్రైఫీర్టెల్ జెక్స్‌కల్లా స్టేషన్లో ఉండాలి" అన్నారు మూతి తుడుచుకుంటూ. ముప్పావు ఆరు. ఖాళీ ప్లేటు చూస్తూ, లేని కేకులో మూడు ముక్కలు మనసులోనే తిని, "అయిదుముప్పావు" అని తేల్చాను.