పొట్ట మీద చెయ్యి

మా ఇంటి నుంచి నేను పాఠాలు చెప్పే స్కూలుకి బస్సులో 40 నిమిషాలు. మూడేళ్లు ఆ ప్రయాణమంటే వణికిపోయాను. బస్సెక్కగానే పొట్టలో మెలిపెట్టేది. ఎక్కడ దిగితే బాత్రూమ్ దొరుకుతుందా అని లెక్కలు మొదలయ్యేవి. రెండుసార్లు పెట్రోల్ బంకు దగ్గర దిగి పరిగెత్తాను కూడా.

రక్తపరీక్షలు, కొలనోస్కోపీ అన్నీ నార్మల్. ఐబీఎస్ అన్నారు, అంటే పరీక్షల్లో ఏ లోపమూ కనపడకపోయినా పేగులు ఇబ్బంది పెట్టే జబ్బు. ఒక డాక్టరైతే "మీకేం లేదు, టెన్షన్ తగ్గించుకోండి" అని రెండు నిమిషాల్లో పంపించేశారు. ఏమీ లేకపోతే ఈ నొప్పి ఎవరిదో! అమ్మ దిష్టి తీసింది. పాలు మానేశాను, మాత్రలు మార్చాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది.

ఇంకో డాక్టరుగారు హిప్నోథెరపీ అనగానే నవ్వొచ్చింది. నాకు తెలిసిన హిప్నాటిజం పట్టాభిరామ్ గారి స్టేజీ షోలే మరి. డాక్టరుగారు మాత్రం ఓపిగ్గా చెప్పారు: పేగుల్లో మామూలు కదలికని కూడా నా మెదడు నొప్పి కింద జమ కడుతోందట. 1984లోనే మాంచెస్టర్‌లో వోర్వెల్ అనే డాక్టరు, మందులకు లొంగని 30 మంది ఐబీఎస్ రోగుల మీద దీన్ని పరీక్షించి మంచి ఫలితం చూశారట. రక్తం పడటం, బరువు తగ్గడం లాంటివి నాకు లేవని తేల్చుకున్నాకే సైకాలజిస్టు దగ్గరికి పంపారు.

అక్కడ గడియారం ఊపుతారనుకున్నాను. అదేం లేదు. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకోమన్నారు. స్పృహ తప్పలేదు, నిద్రా పట్టలేదు. వీధిలో కూరగాయల బండి మైకు వినపడుతూనే ఉంది, పట్టించుకోబుద్ధి కాలేదంతే. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఆ వెచ్చదనం లోపలికి దిగుతోందనుకోమన్నారు. తర్వాత ఒక నదిని తలచుకోమన్నారు. నాకు భద్రాచలం గోదావరి కనపడింది. వరద గోదావరి కాదు, ఎండాకాలంలో ఇసుక తిన్నెల మధ్య తీరిగ్గా పోయేది.

వారానికోసారి, మొత్తం 12 సార్లు వెళ్లాను. ఇంట్లో రోజూ రికార్డింగ్ వినాలి. "గోదావరికి బయల్దేరారా?" అని మా ఆవిడ వేళాకోళం. నాలుగు వారాలు ఏ మార్పూ లేదు, డబ్బులు దండగనుకున్నాను. ఏడో వారం కాబోలు, బస్సులో నొప్పి వచ్చింది కానీ దాని వెనకాలే రావాల్సిన భయం రాలేదు. చెయ్యి పొట్ట మీద పెట్టుకుని కూర్చున్నాను. పది నిమిషాల్లో సర్దుకుంది.

జబ్బు పూర్తిగా పోలేదు. పెళ్లి భోజనం తిన్న మర్నాడు ఇప్పటికీ ఇబ్బందే. కానీ మొన్న బస్సులో కిటికీ పక్క సీటులో ఉండగా కండక్టర్ భుజం తట్టి లేపాడు.

"సార్, మీ స్టాపు దాటిపోయింది."