మిట్టమధ్యాహ్నం ఫ్లాష్

నాయనమ్మ గుమ్మడి వడియాలను తిరగేసేది మిట్టమధ్యాహ్నమే. సాయంత్రపు మెత్తని వెలుగు కోసం ఆగితే ఆ పని ఉండదు, ఆ ఫొటో ఉండదు. డాబా మీద పరిచిన తెల్ల పంచె మే నెల ఎండకు కళ్లు చెదిరేలా మెరుస్తుంది. ఆవిడ ముఖమేమో తల మీది కొంగు నీడలో ఉంటుంది. ముఖానికి తగినట్టు వెలుతురు సరిచేస్తే పంచె, వడియాలు ఒకే తెలుపులో కలిసిపోయేవి. పంచెకు తగినట్టు సరిచేస్తే కళ్లున్న చోట రెండు నల్లటి మరకలు మిగిలేవి. నాకు కావలసిందే ఆ కళ్లు.

పాత ఫ్లాష్ తీసి కెమెరాకు తగిలించాను.

"ఇంత ఎండలో మళ్లీ దీపమెందుకురా?" అంది నాయనమ్మ.

బొమ్మను పట్టే సెన్సర్ సున్నితత్వం ఐఎస్ఓ 100, లెన్సు రంధ్రం (అపర్చర్) ఎఫ్ 5.6, షట్టర్ సెకనులో 1/800 వంతు. ఫొటోలో కొంగు, నుదురు మాత్రం వెలిగాయి, కళ్ల దగ్గర నుంచి కిందికి మళ్లీ నీడే. కారణం సెన్సర్ ముందు ఒకదాని వెంట ఒకటి జరిగే రెండు షట్టర్ తెరలు. నా కెమెరాలో 1/250 దాటితే మొదటి తెర పూర్తిగా తొలగకముందే రెండోది కదిలిపోతుంది. ఫ్లాష్ మెరిసే క్షణానికి సెన్సర్‌లో కొంత భాగమే తెరుచుకుని ఉంటుంది.

షట్టర్‌ను 1/250కి దించి, ఎండను ఆపడానికి అపర్చర్‌ను ఎఫ్ 11కి మూశాను (అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది). దీనితో వెనుక ఉన్న నీళ్ల ట్యాంకు కూడా స్పష్టంగా పడుతుంది. అది నాకు నచ్చలేదు. లెన్సు ముందు పెట్టి వెలుగును ఎనిమిదో వంతుకు తగ్గించే నల్లద్దం, అంటే మూడు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్, ఉంటే ట్యాంకు మసకబారేలా ఎఫ్ 4లోనే తీసేవాడిని. లేదు కనుక ట్యాంకు కనబడని వైపుకు జరిగాను.

పది అడుగుల నుంచి పూర్తి శక్తితో ఫ్లాష్ కొడితే ముఖం సున్నం పూసినట్టయింది. సగానికి తగ్గించినా అతికించిన బొమ్మలాగే ఉంది. పావు వంతుకు తెచ్చాక కొంగు నీడ నీడగానే ఉండి, అందులోంచి కళ్లు పైకి తేలాయి. ఐదు అడుగులకు దగ్గరైనప్పుడు దాన్ని 1/16కి దించవలసి వచ్చింది. దూరం సగమైతే వెలుగు నాలుగింతలవుతుంది మరి.

కెమెరా స్క్రీన్ మీద ఆ ఫొటోను పెద్దది చేసి చూశాను. కనుపాపల్లో చెరొక వెలుగు చుక్క. కనుకొలకుల ముడతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. కొంగు అంచు నీడ నుదుటి మీద అలాగే ఉంది. ఎన్నాళ్లుగానో చూస్తున్న ముఖమే అయినా చాలాసేపు కళ్లు తిప్పుకోలేకపోయాను.

నాయనమ్మ ఫొటో వంక చూడలేదు. చేతిలోని వడియాన్ని వెనక్కి తిప్పి వేలితో నొక్కి చూసింది.

"అడుగు ఇంకా ఆరలేదు. రేపు కూడా రావాలిరా."