తప్పు మడమ దగ్గర దొరికింది
ఈ రోజు మారతహళ్లి జిమ్‌లో బరువులేవీ తగిలించని ఖాళీ బార్‌తోనే స్క్వాట్లు (బార్ భుజాల మీద పెట్టుకుని గుంజీళ్లలా కూర్చుని లేవడం) చేశాను. బార్ ఒక్కటే 20 కిలోలు. నెల కిందట 80 కిలోలతో చేసేదాన్ని. కిందికి దిగితే మోకాళ్లు లోపలికి వాలిపోయేవి, నడుము పట్టేసేది. తొడల్లో బలం చాలట్లేదనుకుని బరువు ఇంకా పెంచాను, అదే నా పొరపాటు. కోచ్ అన్న పక్కనుంచి వీడియో తీసి చూపించాడు. "మడమలు లేస్తున్నాయమ్మా, చీలమండ వంగట్లేదు."

మడమల కింద చిన్న బరువు ప్లేట్లు పెట్టి దిగమన్నాడు. మోకాళ్లు పాదాల వైపే తిన్నగా నిలిచాయి! నిజంగా కళ్లు చెమ్మగిల్లాయి.

ఇప్పుడు రోజూ గోడకి ఎదురుగా నిలబడి, మడమ లేపకుండా మోకాలు గోడకి ఆనించడమే సాధన. కుడికాలికి పాదం గోడకి నాలుగు వేళ్ల దూరంలో ఉన్నా మోకాలు అందుతోంది. ఎడమకాలు ఇంకా రెండు వేళ్ల దగ్గరే ఉంది.