పాలరాయి కాదట!

వోల్తెర్రా వెళ్లేదాకా అలబాస్టర్ అంటే నాకు ఒక రకం పాలరాయి, అంతే. ఇటలీలో టస్కనీ కొండల మీదున్న పాత ఊరది. పోంతెదేరాలో రైలు దిగి బస్సెక్కితే, ఆ మలుపులకి ఊరొచ్చేసరికి కడుపులో తిప్పేసింది.

ముందు గ్వార్నాచ్చి మ్యూజియంకి వెళ్లాను. 1761లో పెట్టిందట. చితాభస్మం దాచే పెట్టెలు అందులో ఆరువందలకి పైనే ఉన్నాయి, చాలావరకు అలబాస్టర్‌వే. మూత మీద చనిపోయిన మనిషి బొమ్మ విందులో ఉన్నట్టు ఒరిగి పడుకుని ఉంటుంది. రెండువేల ఏళ్లు దాటినా బట్టల మడతలు, వేళ్ల కణుపులు అంత స్పష్టంగా ఎలా ఉన్నాయా అనుకున్నాను.

జవాబు పక్క సందులో ఉన్న చిన్న వర్క్‌షాపులో దొరికింది. లోపల తలుపులు, కిటికీలు, పనివాడి కనుబొమ్మలు అన్నీ తెల్లటి పొడే. ఆయన రాయిని తిప్పుతూ చెక్కే లేత్ మెషీన్ ఆపి, ఓ ముక్క నా చేతికిచ్చి గోరుతో గీయమన్నాడు. గీత పడింది! ఇది జిప్సం, ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేలు మీద 2, పాలరాయికి 3. అందుకే అంత సన్నటి చెక్కుడు కుదిరింది. మేలు రకం రాయి దగ్గర్లోని కాస్తెల్లీనా మరిత్తిమా వైపు భూమిలో గుండ్రటి గడ్డల్లా దొరుకుతుంది. ఈజిప్టువాళ్లు అలబాస్టర్ పేరుతో వాడింది మాత్రం వేరే, కాల్సైట్ అనే ఖనిజం, పాలరాయిలో ఉండేదే. దాని మీద వెనిగర్ చుక్క వేస్తే నురగొస్తుంది, దీని మీద రాదు.

తర్వాత ఆయన పల్చటి పలక ఒకటి దీపానికి అడ్డం పెట్టాడు. రాయి మొత్తం తేనె రంగులో వెలిగింది, లోపలి చారలు నరాల్లా కనిపించాయి. నిజం చెప్పాలంటే మ్యూజియం కంటే నాకు ఈ ఒక్క నిమిషమే ఎక్కువ గుర్తుంది. కొన్నాళ్లకి ఇటలీలోనే ఉన్న రవెన్నా ఊళ్లో, రోమన్ రాజకుటుంబపు గల్లా ప్లాచీదియా పేరుతో ఉన్న సమాధి మందిరం కిటికీలకి ఇలాంటి పలకలే చూశాను. మందిరం 5వ శతాబ్దానిదే కానీ పలకలు మాత్రం 20వ శతాబ్దం మొదట్లో పెట్టినవని తెలిసి కాస్త ఉసూరుమన్నాను.

ఓ గిన్నె కొనుక్కున్నాను. తడి తగలనివ్వొద్దని ఆయన రెండుసార్లు చెప్పాడు, నేను విన్నట్టే తలూపి, ఇంటికొచ్చాక పూలు తేలేలా వేద్దామని అందులో నీళ్లు పోసి రాత్రంతా వదిలేశాను. జిప్సం నీళ్లలో కొద్దికొద్దిగా కరుగుతుంది. పొద్దునకి లోపలి మెరుపంతా పోయి, నీళ్లు నిలిచినంత మేరా గరుకుగా ఓ వలయం మిగిలింది. ఇప్పుడు దాన్ని బోర్లించి లోపల చిన్న ఎల్‌ఈడీ పెట్టాను. వేడెక్కే బల్బు పెట్టలేదు, ఎక్కువ వేడికి కూడా ఈ రాయి మసకబారుతుంది. దీపం వేస్తే ఆ వలయం ఇంకా బాగా కనిపిస్తోంది.