టెస్టరులో ఎనిమిది లైట్లూ వెలిగాయి, నెట్ మాత్రం నడవలేదు

రాజమహేంద్రవరంలో మేము కట్టుకున్న రెండంతస్తుల ఇంటికి నెట్‌వర్క్ కేబులింగ్ పని ఎట్టకేలకు పూర్తయింది. పూర్తయిందని నేనంటున్నాను, పని ఒప్పుకున్న సంస్థ లెక్క ప్రకారం అది అంతకు చాలా ముందే పూర్తయింది. ఆ రెండు పూర్తవడాల మధ్య నేను పడ్డ అవస్థ ఇల్లు కట్టుకునేవారికి పనికివస్తుందని, కోపం చల్లారకముందే రాస్తున్నాను.

ప్రణాళిక వేయడం పెద్ద కష్టం కాలేదు. అమ్మాయి ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది, నేను సాయంత్రాలు ఇంటర్ పిల్లలకు ఆన్‌లైన్‌లో భౌతికశాస్త్రం చెబుతాను, కాంక్రీటు శ్లాబు దాటేసరికి వైఫై నీరసించిపోతుంది. కాబట్టి గదికి రెండు పాయింట్లు, టీవీ వెనుక రెండు, పై అంతస్తు సీలింగులో యాక్సెస్ పాయింటుకు (వైఫై పంచే పెట్టెకు) ఒకటి, బయటి కెమెరాలకు తలా ఒకటి చొప్పున గీసుకున్నాను. అన్ని కేబుళ్లూ మెట్ల కింది గూట్లో పెట్టే ర్యాకుకు, అంటే నెట్‌ను అన్ని కేబుళ్లకూ పంచే స్విచ్చి అనే పెట్టె ఉండే చట్రానికి, విడివిడిగా చేరాలి, ఒక గదికి వెళ్లిన దానినుంచి మరో గదికి కొమ్మ తీయకూడదు. గోడలోని కేబుల్ 90 మీటర్లు, రెండు చివర్లా తగిలించే చిన్న తీగలు కలిపి మరో 10 మీటర్లు మించరాదన్న నియమం మామూలు ఇంటికి అడ్డు రాదు. నెట్ కేబుళ్లలో క్యాట్ 6 రకం సరిపోతుంది. అది ఒక గిగాబిట్ వేగాన్ని, అంటే సెకనుకు వెయ్యి మెగాబిట్లను, 100 మీటర్ల వరకూ మోస్తుంది.

శ్లాబు వేసే ముందు కరెంటు మేస్త్రితో చిన్న పేచీ వచ్చింది. "వేరే పైపు దండగండీ, కరెంటు వైర్లతోపాటే లాగేద్దామండీ" అన్నాడు. ఒప్పుకోలేదు. కరెంటు తీగ పక్కనే నెట్ కేబుల్ పరిస్తే సంకేతాల్లోకి రొద చేరడం ఒక సంగతి, ఎక్కడైనా తొడుగు చిరిగితే 230 వోల్టులు కంప్యూటర్ దాకా, మనిషి చేతి దాకా రావడం మరో సంగతి. వేరుగా 25 మిల్లీమీటర్ల పైపులు వేయించి, రేపు ఇంకో కేబుల్ లాగడానికి వాటిలో నైలాన్ తాళ్లు వదిలించాను. ఈ విషయంలో ఎవరు మొహం మాడ్చుకున్నా వెనక్కి తగ్గకండి.

కేబుల్ నేనే కొన్నాను. 305 మీటర్ల పెట్టె మీద క్యాట్ 6 అని అచ్చు వేసి, లోపల రాగి పూత పూసిన అల్యూమినియం తీగ అమ్మే దుకాణాలు చాలానే ఉన్నాయి. ఒక తీగ చివరను బ్లేడుతో గీకి చూడండి; లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి, తెల్లబడితే ఆ పెట్టె అక్కడే వదిలేయండి. కేబుల్ ద్వారానే కరెంటు తీసుకునే కెమెరాలు పెట్టుకునేవారు ఈ పరీక్ష తప్పనిసరిగా చేయాలి, ఎందుకంటే అల్యూమినియానికి నిరోధం ఎక్కువ, వేడెక్కుతుంది. నేను గీకుతుంటే కొట్టువాడు చిరాకుపడ్డాడు, పడనిచ్చాను.

ఇక చివర్లు బిగించే పని. నా గీతలోనూ, సంస్థవాళ్లిచ్చిన ఎస్టిమేటులోనూ స్పష్టంగా రాసి ఉంది: ర్యాకులో ప్యాచ్ ప్యానెల్ (కేబుళ్ల చివర్లన్నీ వరసగా బిగించే పలక), గోడల్లో జాకులు (ప్లగ్గు దూర్చే సాకెట్లు). నేను కాలేజీలో ఉన్న పూట వచ్చిన కుర్రాళ్లు ఆ రెండూ పక్కన పెట్టి, ప్రతి కేబుల్‌కూ రెండు చివర్లా నేరుగా ఆర్‌జె 45 అనే నెట్ ప్లగ్గులు నొక్కేసి, గోడ రంధ్రాల్లోంచి తోకల్లా వేలాడదీసి వెళ్లారు. అడిగితే "ప్యానెల్ ఎందుకండీ, నేరుగా స్విచ్చిలో పెడితే ఇంకా స్పీడొస్తుందండీ" అన్నారు. గృహప్రవేశం దగ్గరపడటంతో తరువాత సరిచేస్తామన్న మాట మీద వదిలాను.

ర్యాకుకు దగ్గరగా ఉన్న కింది గదుల్లో అంతా సవ్యంగానే ఉంది. పైన వెనకవైపు ఉన్న అమ్మాయి గదిలో మాత్రం లాప్‌టాప్ వెయ్యి మెగాబిట్లకు బదులు వందే చూపించేది, ఆ వందలో కూడా వీడియో కాల్ మధ్యలో బిగుసుకుపోయేది. నెట్ కనెక్షన్ ఇచ్చినవారి మనిషి వచ్చి ఫైబర్ మోడెం దగ్గర వేగం కొలిచి, తన వరకు లోపం లేదని చూపించి వెళ్లిపోయాడు. అది నిజమే. అదే లాప్‌టాప్‌ను కిందికి తెచ్చి, స్విచ్చిలో అదే రంధ్రానికి కొనుక్కొచ్చిన చిన్న తీగతో కలిపితే వెయ్యి చూపించింది. అంటే లాప్‌టాప్ మంచిదే, స్విచ్చి మంచిదే. మిగిలింది గోడలోని కేబుల్, దాని రెండు చివర్లు.

ఈ మాటే సంస్థ ఇంజినీరుతో చెప్పాను. గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలు ఇంకా ఇంట్లోనే ఉన్నారు. అతను అరచేతిలో పట్టే టెస్టరును రెండు చివర్లా తగిలించి, ఒకటి నుంచి ఎనిమిది వరకు పచ్చ లైట్లు వరసగా వెలగడం అందరికీ చూపించి, "చూశారా మాస్టారూ, చిన్నపిల్లాడిని అడిగినా లైను బాగుందనే చెబుతాడండీ. మీరు యూట్యూబులో ఏదో చూసి కంగారు పడుతున్నారండీ. అమ్మాయి గారికి కొత్త లాప్‌టాప్ కొనిపెట్టండి" అన్నాడు. హాల్లో నవ్వులు. మా బావమరిది అయితే "బావకి పాఠం చెప్పేవాడు ఇన్నాళ్లకు దొరికాడు" అని వంత పాడాడు. అమ్మాయి కూడా "పోనీలే నాన్నా, కొత్తది తీసుకుంటాను" అనడంతో నాకు తల తీసేసినట్టయింది. ఏళ్ల తరబడి విద్యుదయస్కాంత ప్రేరణ పాఠం చెబుతున్నవాణ్ని, నా ఇంట్లో నా కేబుల్ గురించి నోరెత్తలేకపోయాను. ఎందుకంటే ఆ ఎనిమిది లైట్లూ నిజంగానే వెలిగాయి.

రాత్రి అందరూ పడుకున్నాక ఆ గదిలోని ప్లగ్గును టార్చి వెలుగులో పెట్టి చూశాను. కేబుల్‌లో ఎనిమిది తీగలు రెండేసి చొప్పున మెలికపడి నాలుగు జతలుగా ఉంటాయి. ప్లగ్గుది పారదర్శకమైన ప్లాస్టిక్ కనుక వాటి రంగులు బయటికి కనబడతాయి: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, ఆకుపచ్చ, తెలుపు నీలం, నీలం, తెలుపు గోధుమ, గోధుమ. చూడముచ్చటగా జతలు జతలుగా ఉంది. ర్యాకు చివరా అదే వరుస. కానీ ఎక్కువమంది పాటించే 568-బి అనే ప్రామాణిక రంగుల వరుసలో తెలుపు ఆకుపచ్చ మూడో స్థానంలో, దాని జత ఆకుపచ్చ ఆరో స్థానంలో ఉండాలి. నాలుగు, ఐదు స్థానాల్లో నీలం, తెలుపు నీలం ఉండాలి. స్విచ్చి గానీ లాప్‌టాప్ గానీ మూడు, ఆరు స్థానాలను ఒక జతగా వాడుకుంటుంది. ఒక సంకేతాన్ని జతలోని రెండు తీగలూ ఒకదానికొకటి వ్యతిరేకంగా మోస్తాయి. ఆ రెండూ మెలికపడి ఉండటం వల్ల బయటి రొద రెంటి మీదా సమానంగా పడి, తేడా తీసినప్పుడు రద్దయిపోతుంది. మా ఇంట్లో ఆ సంకేతం సగం ఆకుపచ్చ మెలికలో, సగం నీలం మెలికలో ప్రయాణిస్తోంది. మెలిక పెట్టిన ప్రయోజనం మొత్తం పోయింది. పొట్టి కేబుళ్లు ఎలాగో తట్టుకున్నాయి, పొడుగుది చేతులెత్తేసింది.

ఆ చవక టెస్టరు చూసేది ఈ చివర ఒకటో తీగ ఆ చివర ఒకటికి చేరిందా లేదా అన్నంతవరకే. ఏ తీగ ఏ తీగతో మెలికపడి వెళ్లిందో దానికి తెలియదు. రెండు చివర్లా ఒకే తప్పు చేస్తే అది సంతోషంగా ఎనిమిది లైట్లూ వెలిగిస్తుంది.

మర్నాడు ఫోన్ చేసి ఇదంతా వివరిస్తే ఇంజినీరు అన్న మాట: "ఊరంతా ఇలాగే వేస్తున్నామండీ, ఎవరూ అడగలేదండీ." ఎవరూ అడగకపోవడం వాళ్లకు యోగ్యతాపత్రం అన్నమాట! ఎన్ని కార్యాలయాల్లో నెట్ నెమ్మదిగా ఉందని మోడెములు మారుస్తున్నారో ఊహించుకుంటే నవ్వు వచ్చింది, ఆ నవ్వులో కొంచెం గర్వం కూడా ఉందని దాచను.

తరువాతి పని సులువుగా జరిగింది. మా పూర్వ విద్యార్థి ఒకడు కంప్యూటర్ ల్యాబులు చూసుకుంటాడు. అతను ప్యాచ్ ప్యానెల్, జాకులు తెచ్చి, ప్లగ్గులన్నీ కోసేసి, జాకు మీద ముద్రించిన రంగుల ప్రకారం తీగలను జాకులోకి నొక్కే పంచింగ్ టూల్‌తో నొక్కాడు. మెలికను 13 మిల్లీమీటర్లకు మించి విప్పకుండా, ప్రతి కేబుల్‌కూ రెండు చివర్లా ఒకే నంబరు అంటిస్తూ చేశాడు. పై గదిలో వెయ్యి వచ్చింది. మా బావమరిదికి ఆ తెర ఫొటో పంపాను.

వ్యాపార స్థలానికి వేయించేవారు పని అప్పగించే ముందే, ప్రతి పాయింటుకూ సర్టిఫైయర్ యంత్రంతో తీసిన నివేదిక ఇవ్వాలని ఒప్పందంలో రాయించుకోండి. జతల మధ్య రొద కొలిచేది అదే. ఇంటివారికి అంత ఖర్చు అక్కరలేదు, జాకు బిగించేటప్పుడు పక్కన నిలబడి రంగులు చూడండి, ఆపైన అన్నిటికంటే దూరపు గదిలో కంప్యూటర్ చూపించే లింకు వేగం చూసి, పెద్ద ఫైలు ఒకటి కాపీ చేయండి.

సంస్థవారి బిల్లులో తాము వేయని ప్యానెల్‌కూ, జాకులకూ కూడా సొమ్ము వేశారు. వాటి ఖరీదు, నా విద్యార్థికి ఇచ్చిన కూలి తీసేసి, లెక్క కాగితం మీద వివరంగా రాసి మిగతాది పంపించాను. డబ్బు తీసుకున్నారు కానీ రశీదు ఇంకా ఇవ్వలేదు.